తీవ్రంగా విచారిస్తున్నది

పిన్ని చెయ్యి రోలర్లో పడిన మర్నాడు మేనేజరు నోటీసమ్మను తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు. ఆవిరికి ఉబ్బిపోయిన ఆ తలుపు ఎప్పుడూ ఓరగానే ఉండేది. భుజం పెట్టి తోస్తే గానీ పడలేదు.

"హెడ్డాఫీసు నుంచి ఒక ముక్క వచ్చింది. షిఫ్టు మారేలోపు తెలుగులో రాసి గేటు దగ్గర బోర్డుకు పెట్టాలి," అన్నాడు.

నిజంగా ఒక ముక్కే. ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఇస్త్రీ విభాగంలో జరిగిన ప్రమాదం గురించి యాజమాన్యం చాలా సారీ అని.

ఊళ్లో హోటళ్లవీ ఆస్పత్రులవీ దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి పంపే పెద్ద లాండ్రీ అది. ఆమె అక్కడ ఆఫీసు గుమాస్తా. ఫోన్లు ఎత్తుతుంది, ఉత్తరాలు టైపు చేస్తుంది, హెడ్డాఫీసు ఇంగ్లీషును తెలుగు చేసి బోర్డుకు పిన్ను గుచ్చుతుంది. అందుకే లోపల పనిచేసే ఆడవాళ్లు నోటీసమ్మ అని పేరు పెట్టేశారు. "ఏం నోటీసమ్మా, ఇవాళ ఏం వద్దన్నారు?" అని అడిగేవాళ్లు. బోర్డు మీద వచ్చేవన్నీ వద్దనేవే మరి. జోళ్లు లేకుండా తిరగొద్దు, ఆవిరి గొట్టాల మీద తడి బట్టలు ఆరెయ్యొద్దు, పని వేళల్లో ఫోను వద్దు.

ఆ ఆడవాళ్లలో ఆమె తల్లి కూడా ఒకతె. రోలరు ముందున్న బల్లకు ఇటు వైపు అమ్మ నిలబడేది, అటు వైపు పిన్ని. పిన్నంటే పిలుపుకు పిన్నే. ఒకే బల్ల దగ్గర ఏళ్ల తరబడి నిలబడటం తప్ప వేరే చుట్టరికం లేదు. తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అంచు సమంగా పట్టి, రోలరు నోటికి అందించాలి. నిన్న మధ్యాహ్నం దుప్పటి అంచుతో పాటు పిన్ని కుడిచేతి వేళ్లూ లోపలికి పోయాయి.

"క్షమించమని రాయనా సార్?" అంది నోటీసమ్మ.

"అమ్మా తల్లీ!" మేనేజరు రెండు చేతులూ ఎత్తాడు. "క్షమించమన్నామంటే తప్పు చేశామనేగా అర్థం. వకీలు మరీ మరీ చెప్పాడు. తప్పు గానీ పొరపాటు గానీ వాటి చుట్టపక్కాలు గానీ అందులో కనబడకూడదు."

"సారీ అంటే అదే కదండీ?"

"ఎక్కడ అదే? బస్సులో కాలు తొక్కితే సారీ అంటాం. ఎవరన్నా పోతే వాళ్లింటికెళ్లి సారీ అంటాం. మనమేమన్నా చంపామా? ఫోన్లో మాట వినబడకపోతే సారీ అంటాం. షాపులో సరుకు లేకపోతే వాడూ సారీ అంటాడు. ఒక్కో చోట ఒక్కో సారీ. ఇది చావింటి సారీ. కాలు తొక్కిన సారీ కాదు. అర్థమైందా?"

అర్థమైంది. అయ్యాక ఇంకా కష్టమైంది. ఆమె కాయితం మీద 'చింతిస్తున్నది' అని రాసింది.

"మనిషి బతికే ఉందిగా. పేపర్లో నల్లగడి కట్టి వేసినట్టుంది."

'బాధపడుతున్నది' అని రాసింది.

"బాధ అనగానే వెనకే బాధ్యత వస్తుంది. వద్దు."

కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి 'విచారిస్తున్నది' అని రాసింది. మేనేజరు పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చదివాడు. "ఇది బాగుంది. గౌరవంగా ఉంది. కానీ 'ప్రమాదానికి విచారిస్తున్నది' అంటే ఆ ప్రమాదమేదో మనమే చేసినట్టుంది. ఇంగ్లీషులో గురించి అనేగా ఉంది. 'ప్రమాదం గురించి' అని మార్చు."

"చాలా అని కూడా ఉంది సార్."

"చాలా అంటే ఇంట్లో మాట. తీవ్రంగా అను."

అలా ఆ నోటీసు తయారైంది. 'ఇస్త్రీ విభాగంలో జరిగిన ప్రమాదం గురించి యాజమాన్యం తీవ్రంగా విచారిస్తున్నది.' బోర్డుకు గుచ్చుతుంటే పిన్ను వంగిపోయింది. ఇంకోటి తెచ్చి గుచ్చింది. వెనక్కి తిరిగేసరికి షిఫ్టు దిగేవాళ్లు అప్పటికే మెడలు సాచి కూడబలుక్కుంటున్నారు. ఆగి వినబుద్ధి కాక గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నుంచి, "విచారణ వేశారటగా!" అంది.

నోటీసమ్మ చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. "ఎవరన్నారు?"

"నువ్వే రాసి నన్నడుగుతావేంటే? తీవ్రంగా విచారిస్తున్నారని అక్షరం అక్షరం చదువుకున్నాం. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చెప్పారు. సెక్షనంతా అదే మాట." అమ్మ వచ్చి పీట మీద కూర్చుంది, లేచింది, చెప్పులు గుర్తొచ్చి వెళ్లి విప్పొచ్చింది. "ఎవరెవర్ని పిలుస్తారంటావ్? నన్ను పిలుస్తారుగా? పక్కనున్నది నేనేగా?"

కాదమ్మా, అది ఆ విచారించడం కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ నిన్నటి నుంచి అమ్మ ముద్ద ముట్టలేదు. ఇప్పుడు తనంతట తనే కంచం తెచ్చుకుని కూర్చుంటోంది.

"సూపర్‌వైజరు ఆస్పత్రికి పోయి వచ్చాడట," అంది అమ్మ కలుపుకుంటూ. "ఏమరుపాటున నేనే చెయ్యి పెట్టేశానని కాయితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడట చెల్లిని. వెయ్యడానికి వేలెక్కడుందయ్యా అందట అది. ఎడమచేతిది వెయ్యమన్నాడట. చూశావా నోరు!"

"వేసిందా?"

"ఎందుకేస్తుంది? విచారణ కానియ్, అప్పుడు చూద్దాం అందట. నోటీసు సంగతి నేనేగా కబురు పంపించింది."

నోటీసమ్మ లేచింది. నీళ్లు తాగింది. కిటికీ దగ్గరకెళ్లి, చూడటానికేం లేకపోయినా కాసేపు బయటికి చూసి, వచ్చి అప్పుడే తుడిచిన పొయ్యి గట్టునే మళ్లీ తుడిచింది. తను రాసిన మాటను పట్టుకుని ఒక మనిషి మంచం మీద నుంచి కాదు పొమ్మంది. ఆ మాటలో అంత బలం లేదని తనకొక్కదానికే తెలుసు.

మర్నాడు భోజనాల వేళకు ఆమె బల్ల ముందు జనం చేరారు. ఎవరూ గొడవ చేయలేదు. అదే ఇబ్బంది. పెళ్లికి పిలిచినవాళ్లలా మర్యాదగా నిలబడ్డారు. మడత బల్ల దగ్గర పనిచేసే ముసలామె, "విచారించే గది ఎటమ్మా?" అని అడిగింది. ఉతుకుడు విభాగం నుంచి వచ్చినామె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, తనకు కనబడింది కొంచెమే గానీ వినబడింది మాత్రం మొత్తమని చెప్పింది. ఆమెను ముందు పిలవాలా, తర్వాత పిలవాలా అని వాళ్లలో వాళ్లకే చిన్న వాదం కూడా నడిచింది.

అందరూ వెళ్లాక మెకానిక్కు మిగిలాడు. గ్రీజు చేతులు వెనక్కి కట్టుకుని బల్లకు దూరంగా నిలబడ్డాడు.

"రోలరు నోటి ముందు ఎర్ర కడ్డీ ఒకటుంటుంది, చూశావుగా అమ్మా. చెయ్యి దానికి తగిలితే చాలు, రోలరు టక్కున ఆగిపోవాలి. దాని పనే అది. మందం దుప్పట్లొచ్చినప్పుడు దుప్పటే దానికి తగులుతుంది, రోలరు ఊరికే ఆగుతుంది. ఆగితే సరుకు ఆలస్యం. అందుకని దాన్ని పైకెత్తి గుడ్డతో కట్టేస్తున్నారు. వద్దని చెప్పాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు సూపర్‌వైజరు. ఇదంతా చెప్పాలి నేను. నన్నెప్పుడు పిలుస్తారు?"

ఆమె తెగించింది. "అన్నా, అందులో ఉన్నది విచారణ కాదు. విచారిస్తున్నది అంటే కంపెనీకి బాధగా ఉందని. అంతే."

అతను ఆమె ముఖం వంక చూసి, హాస్యమాడుతోందనుకుని నవ్వాడు. "బాధగా ఉంటే ఆ మనిషి దగ్గరికెళ్లి చెప్తారు గానీ గేటుకు అంటిస్తారా ఎక్కడన్నా? బోర్డుకెక్కిందంటే అది పనేనమ్మా." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నేను సాయంత్రం దాకా పంపు గదిలోనే ఉంటా," అన్నాడు.

ఆ పూటంతా ఆమె టైపు చేసినవన్నీ తప్పులే పోయాయి. ఇంటికి వెళ్లేదారిలో నిశ్చయించుకుంది. ముందు అమ్మకు చెప్పాలి. లేని విచారణను ఉందని ఎంతకాలం నమ్మనిస్తాం?

అమ్మ అద్దం ముందు నిలబడి ఏదో గొణుక్కుంటోంది. కూతుర్ని చూసి సిగ్గుపడి, "అడిగితే తడబడకూడదు కదా," అంది.

"అమ్మా, ఎవరూ అడగరు." చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది. సారీ గురించి, వకీలు గురించి, గదిలో కొట్టేసిన మాటలన్నిటి గురించి చెప్పింది. విచారం వేరు, విచారణ వేరు అంది. ఆ తేడా నోటితో చెబుతుంటే తనకే సరిగ్గా పట్టు దొరకలేదు.

అమ్మ దువ్వెన కిటికీలో పెట్టింది.

"అయితే కడ్డీ ఎవరు కట్టారని అడగరా?"

"అడగరమ్మా. ఏం?"

"నేనే కట్టానే."

కూతురు గోడకు ఆనుకుంది.

"పొద్దున్నే ఆ మందం దుప్పట్లొచ్చాయి. రోలరు అడుగడుక్కీ ఆగుతోంది. కట్టెయ్యండి దాన్ని, మధ్యాహ్నానికి బండి ఎక్కాలి అని అరిచాడు సూపర్‌వైజరు. అరిచింది అతనే. కట్టింది మాత్రం ఈ చేతులే. ముడి గట్టిగా పడిందో లేదో లాగి మరీ చూశాను." అమ్మ తన చేతులను ఎవరివో చూసినట్టు చూసుకుంది. "అడిగితే చెబుదామని కూర్చున్నానే. అడగకుండా చెప్పడానికి నోరు పెగలట్లేదు. ఆస్పత్రికి పోయి దాని మంచం పక్కన కూర్చుని, ఎండల గురించి మాట్లాడొచ్చాను."

"ఇంక ఎవరూ అడగరు. నువ్వూ చెప్పకు," అంది కూతురు. ఆ మాట అనేశాక అది తనకే నచ్చలేదు.

అమ్మ వెళ్లి పొయ్యి ముట్టించింది.

తెల్లారి మేనేజరు పిలిచే పనిలేకుండా తనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"విచారణ వేశానని నాకే తెలీదు. ఎవడు వేశాడమ్మా?"

"మీరే సార్. తీవ్రంగా."

"వెటకారాలు తర్వాత. మెకానిక్కు పొద్దున్నుంచీ నా గది ముందు కాపలా. ఆస్పత్రిలో ఆవిడ వేలిముద్ర వెయ్యనంటోంది. ఇంకో నోటీసు రాయి. విచారిస్తున్నది అంటే విచారమే గానీ విచారణ కాదు, ఎలాంటి విచారణా జరగడం లేదు, ఎవరూ రానక్కర్లేదు అని."

ఆమె రాసింది. చక్కని అక్షరాలతో రాసింది. ఇది బోర్డుకెక్కితే అమ్మ బతికిపోతుంది. పిన్ని ఎడమచేతి వేలు సిరాలో ముంచుతుంది. రాసి, కాయితం తిప్పి పెట్టి, అలవాటైన ప్రశ్నే అడిగింది.

"ప్రతి నోటీసుకూ ఇంగ్లీషు కాపీ హెడ్డాఫీసుకు పోవాలి కదా సార్. దీనిక్కూడా పంపనా? ఎలాంటి విచారణా జరగడం లేదు అని?"

మేనేజరు చెయ్యి టోపీ మీద ఆగిపోయింది. ఆ వాక్యం ఇంగ్లీషులో, తన సంతకంతో, పెద్దవాళ్ల బల్ల మీద ఎలా కనబడుతుందో ఊహించుకుంటున్నట్టు గోడ వంక చూశాడు. వేళ్లు పోయిన మనిషి. విచారణ లేదు. ఇట్లు మేనేజరు.

"అది... ఇవ్వు ఇటు." కాయితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "దీన్నలా ఉంచు. మొదటిదాని కాపీ పోయిందా?"

"లేదు సార్. ఇవాళ పంపాలి. ఏమని రాయను?"

"ఏమని ఏంటి? ఏదో ఒకటి రాసి పంపు!" అని అతను విసురుగా లారీల వైపు వెళ్లిపోయాడు.

మామూలుగా అయితే వాళ్లు పంపిన వాక్యాన్నే మళ్లీ వాళ్లకు పంపేది. వాళ్ల సారీ వాళ్లకే. టైపు చేయబోయి ఆగింది. బోర్డు మీద ఉన్న మాటకు అర్థం ఏమిటని ఇప్పుడు గేటు దగ్గరికెళ్లి ఎవరినడిగినా ఒక్కటే చెబుతారు. తను గదిలో కూర్చుని ఏమనుకుని రాసిందో ఎవరికి కావాలి? లేచి కిటికీలోంచి లోపలికి చూసింది. ఇస్త్రీ హాల్లో రోలరు తిరుగుతూనే ఉంది. పిన్ని స్థానంలో ఎవరో కొత్తామె. అమ్మ దుప్పటి అంచు అందిస్తూ ప్రతిసారీ కొత్తామె వేళ్ల వంకే చూస్తోంది. ఎర్ర కడ్డీ ఇంకా పైకే కట్టి ఉంది.

వచ్చి కూర్చుని టైపు చేసింది. ప్రమాదం గురించి యాజమాన్యం తీవ్రంగా విచారణ జరుపుతున్నది అని, పాఠశాల పిల్లలకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషులో. పంపేసింది. పంపాక అమ్మను తన చేత్తోనే రోలరు ముందుకు నెట్టినట్టనిపించింది.

సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి ఫోను. విచారణ జరుగుతున్నందుకు సంతోషం, దాన్ని చూడటానికి ఒక అధికారిణిని పంపుతున్నాం అని. మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని అవునండీ అవునండీ అంటూనే ఉన్నాడు. పెట్టేశాక ఆమె వంక చూశాడు. ఆమె తల దించలేదు. అతను టోపీ తీసుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

అధికారిణి వచ్చిన రోజు రోలర్లు ఆపారు. ఎప్పుడూ చెవులు హోరెత్తే హాలు అంత నిశ్శబ్దంగా ఉంటే నిలబడటానికే ఇబ్బందిగా ఉంది. ఆవిరి గొట్టం ఎక్కడో టక్కు టక్కుమంటోంది. అధికారిణికి తెలుగు రాదు. నోటీసమ్మ ఆమె పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతోంది.

మెకానిక్కు తను వద్దన్న సంగతి చెప్పాడు. సూపర్‌వైజరు, తను త్వరగా కానివ్వమన్నాడే గానీ కట్టమనలేదన్నాడు. అధికారిణి కడ్డీకి వేలాడుతున్న గుడ్డ వైపు చూపించి, ఎవరు కట్టారని అడిగింది. నోటీసమ్మ ఆ ప్రశ్నను తెలుగులో అడిగింది. అడగవలసిన మనిషి వైపు చూడకుండా అందరినీ చూస్తూ అడిగింది.

"నేనే కట్టాను," అంది అమ్మ, ఒక అడుగు ముందుకు వేసి. "ఇతను కట్టమన్నాడు, నేను కట్టాను. కట్టకపోతే బాగుండేది. కట్టాను."

ఇంగ్లీషులో ఒక సదుపాయం ఉంది. ఎవరు కట్టారో చెప్పకుండానే అది కట్టబడింది అనొచ్చు. ఎవరికీ అబద్ధమనిపించదు. నోటీసమ్మ నాలుక చివరకు ఆ వాక్యమే వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా కూతురి నోటి వంకే కళ్లార్పకుండా చూస్తోంది. "ఈవిడ మా అమ్మ. నేనే కట్టాను అంటోంది," అని ఇంగ్లీషులో చెప్పేసింది.

అధికారిణి రాసుకోవడం ఆపింది. తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, మెత్తగా, ఒకే ఒక్క మాట అంది. సారీ.

"ఏమంటోందే?" అంది అమ్మ. హాలంతా నోటీసమ్మ వైపు తిరిగింది.

ఆమె తెలుగు చేయబోయి ఆగింది. తిరిగి అధికారిణినే అడిగింది, "ఏ సారీ అండీ? మా భాషలో ఒకటి కాదు. మీకు బాధగా ఉందనా, తప్పు మీదనా?"

మేనేజరు గట్టిగా దగ్గాడు. అధికారిణి ఏదో అనబోయి, అతని వంక చూసి, కడ్డీ వంక చూసి, కలం మూత పెట్టుకుంది. ఆమె ముఖం కొంచెం ఎర్రబడింది. అది కనుక్కుని చెబుతానంది.

"కనుక్కుని చెబుతుందట," అంది నోటీసమ్మ.

ముందు మడత బల్ల ముసలామె నవ్వింది. తర్వాత ఇంకొకరు. క్షణంలో హాలంతా నవ్వు. సంతోషంతో కాదు, కోపంతోనూ కాదు. ఇన్నాళ్ల బిగువు ఎక్కడో తెగినట్టు. నవ్వు తగ్గేలోగా అధికారిణి తనే వెళ్లి కడ్డీకి ఉన్న ముడి విప్పబోయింది. రాలేదు. మెకానిక్కు కత్తిరించి ఇచ్చాడు.

రిపోర్టు తేలేదాకా సూపర్‌వైజరును రావద్దన్నారు. అమ్మను ఇస్త్రీ నుంచి తీసి మడత బల్లకు పంపారు, సంజాయిషీ రాసివ్వమన్నారు. వేలిముద్ర సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. మర్నాడు ఆస్పత్రిలో పిన్నిని కూడా అడుగుతానని అధికారిణి చెప్పి వెళ్లింది. కనుక్కుని చెబుతానన్నది మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రమే తల్లీ కూతురూ ఆస్పత్రికి వెళ్లారు. దారి పొడుగునా అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. తీరా మంచం దగ్గరికి వెళ్లాక, "ఏంటే ఈ జుట్టు, పిచ్చుక గూడులా!" అంది.

"ఒంటి చేత్తో దువ్వుకోమంటావా?" అంది పిన్ని. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పసిపిల్లలా పడుకోబెట్టి ఉంది.

అమ్మ మంచం ఎక్కి ఆమె వెనక కూర్చుని దువ్వెనతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఎవరి ముఖం ఎవరికీ కనబడదు. నోటీసమ్మ కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"చెప్పావటగా, నువ్వే కట్టానని," అంది పిన్ని. "మెకానిక్కు వచ్చి చెప్పాడు."

దువ్వెన ఆగింది. "చెప్పాను." మళ్లీ కదిలింది. "ముందు నీకు చెప్పాల్సింది. తప్పయిపోయిందే చెల్లీ."

పిన్ని కిటికీ వైపు చూస్తూ, "గుడ్డ చింపిచ్చింది ఎవరో మాత్రం చెప్పలేదట," అంది.

నోటీసమ్మ తలెత్తింది.

"ఎవరూ అడగలేదు," అంది అమ్మ.

"అడగలేదా, నువ్వు చెప్పలేదా?"

"అడగలేదన్నానుగా!"

"పాత దుప్పటి పళ్లతో కొరికి చింపింది నేను. అక్కా, ఇంద, ఇది గట్టిగా ఉంటుంది అని నీ చేతికిచ్చింది నేను. ఆ మాట మింగేసి మొత్తం నీ నెత్తిన వేసుకొచ్చావు. నేనేం, చెయ్యి పోయింది గానీ నోరు పోయిందా?"

"ఇంత జరిగాక నీ పేరు కూడా ఎందుకని..." అమ్మ గొంతు అక్కడ తెగిపోయింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

పిన్ని ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. అమ్మ మోకాలు దొరికితే దాని మీద రెండుసార్లు తట్టింది.

"ఏడిస్తే చిక్కు పడుతుంది. ముందు జడ వెయ్యి," అంది. "గట్టిగా వెయ్యి అక్కా, రేపటిదాకా నిలవాలి. ఆవిడొస్తే నేనూ మాట్లాడాలి."